రెండుసార్లు వెళ్ళొచ్చిన వియన్నా

4 ఏప్రిల్ 2008, శుక్రవారం

నిన్న ఒక అబద్ధం చెప్పాను. రాసి పెట్టుకుంటే భారం తగ్గుతుందేమోనని ఈ పుస్తకం తీశాను. కొత్త సంవత్సరానికి ఇక్కడ దోహాలో మా ట్రావెల్స్ వాళ్ళు కస్టమర్లకి పంచగా మిగిలిన డైరీ ఇది. మూడు నెలల పేజీలు అప్పుడే ఖాళీగా పోయాయి.

వేణుగోపాలరావు గారు, ఆయన భార్య వియన్నా నుంచి తిరిగొచ్చారు. ఆయన గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. వాళ్ళకి ప్లాను రాసిచ్చింది నేనే. మా దగ్గర టికెట్టు కొన్నవాళ్ళకి నాలుగు పేజీల కాగితం ఇస్తాం, 'తక్కువ ఖర్చులో వియన్నా, అయిదు రోజులు' అని. ఏ ట్రామ్ ఎక్కితే పాత ఊరు చుట్టూ తిరిగి ఎక్కినచోటే దింపుతుంది, ఒపేరాలో నిలబడి చూసే టికెట్టు కోసం ఎన్నింటికి వరసలో ఉండాలి, ఏ రాజమహల్ తోటకి డబ్బు అక్కర్లేదు, ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి శనివారమే రొట్టె, చీజ్ కొనిపెట్టుకోవాలి, కుళాయి నీళ్ళు కొండల నుంచి వస్తాయి కాబట్టి సీసాలు కొనొద్దు. అన్నీ ఉంటాయి. మొదట్లో అది ఒక పేజీయే. నేను చదివిన కొద్దీ పెరిగింది.

రావుగారి భార్య చాక్లెట్ల డబ్బా నా బల్ల మీద పెట్టింది. "మీ కాగితం లేకపోతే మా పని అయిపోయేదండి. అక్కడ కాఫీ తాగాలన్నా భయమేసింది. మీరు రాసినట్టు నిలబడి తాగితే సగం ధరే. ఇంతకీ మీరెన్నిసార్లు వెళ్ళారండీ వియన్నా?"

"రెండుసార్లు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఒకసారి అన్నా సరిపోయేది.

5 ఏప్రిల్

హమీదుద్దీన్ సాబ్ ఆ మాట విన్నారట. యజమాని కదా, కోప్పడతారనుకున్నాను. నవ్వారు.

"బహుత్ అచ్ఛా బోలే. ఇగ కస్టమర్లకు నేనే చెప్త, మా సాయా మేడం దో బార్ వియన్నా పోయొచ్చిందని."

సాయంత్రానికే ఇద్దరికి చెప్పేశారు. ఇంట్లో సాయవ్వని. ఆఫీసులో సాయా మేడంని. ఇప్పుడు రెండుసార్లు వియన్నా వెళ్ళొచ్చిన సాయా మేడంని.

12 ఏప్రిల్

అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేను. నిజం చేయగలను. ఒక్కసారి వెళ్ళొస్తే సగం అబద్ధమే మిగులుతుంది.

ఏటా ఎండాకాలంలో విమానం కంపెనీ మా ట్రావెల్స్‌కి ఒక ఉచిత సీటు ఇస్తుంది. ఊరు చూసొస్తే ఎక్కువ టికెట్లు అమ్ముతారని. పోయిన ఏడు ఎవరూ వాడుకోలేదు. ఇవాళ ధైర్యం చేసి అడిగాను. సాబ్ ఒప్పుకున్నారు. "నీదే. నువ్వు కాకుంటే ఎవరు పోతరు?"

వీసాకి కావలసినవి: పాస్‌పోర్టు, ఐడీ కార్డు, కఫీల్ ఉత్తరం. కఫీల్ అంటే ఎవరి పేరు మీద నా వీసా ఉందో ఆ ఇంటాయన. అల్ తుమామాలో ఉంటారు. అన్నీ ఉన్నట్టే. కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

18 ఏప్రిల్, శుక్రవారం

బాపు వచ్చాడు, మా నాన్న. అల్ రువైస్‌లో రేవు పనుల దగ్గర ఉన్నాడు ఇప్పుడు. పరంజా కడతాడు. రెండు మూడు వారాలకి ఒకసారి కంపెనీ బస్సు వాళ్ళని దోహా తెచ్చి వదిలి సాయంత్రం మళ్ళీ తీసుకుపోతుంది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా సందు చివర నిలబడి ఫోన్ చేస్తాడు. సాబ్ వాళ్ళ ఇంటి వెనక గదిలో ఉంటాను కదా, లోపలికి రమ్మంటే రాడు. "పెద్దోళ్ళ ఇల్లు" అంటాడు. మెస్‌లో కూర్చున్నాం. రువైస్ నుంచి ఎండుచేపలు తెచ్చాడు, సిమెంటు సంచి కాగితంలో చుట్టి.

వియన్నా సంగతి చెప్పాను.

"గంత దూరం పోయి ఏం జూస్తవ్ బిడ్డా?"

"కోటలు, బొమ్మలు. పాట కచేరీ."

"కోటలు మన కాడ లెవ్వా?"

"ఉన్నయి బాపు. అవి గూడ నేను జూడలే."

అన్నం కలుపుకున్నాడు. "మీ అవ్వకు జెప్పినవా?"

"ఫోన్‌ల జెప్పిన. ఇంకో దుబాయ్‌కి పోతున్నవా అన్నది."

ఊళ్ళో ఉన్న అమ్మ మాటకి బాపు గట్టిగా నవ్వాడు. "ముత్తవ్వకు నేను యాడున్నా దుబాయే. రువైస్ గూడ దుబాయే." తర్వాత మెల్లగా, "ఆఫీసోళ్ళే పంపుతున్నరా?" అన్నాడు.

"ఆఫీసోళ్ళే."

బాపుకి సంతకం నేర్పింది నేను. అప్పుడు ఏడో తరగతి. 'లింబాద్రి' అని రాయడానికి మూడు రోజులు పట్టింది. బస్సు ఎక్కేటప్పుడు, క్యాంపులో తనతో ఉండే పోశన్న మామతో, "మా బిడ్డను ఆఫీసోళ్ళు తెల్లోళ్ళ ఊరు జూడ పంపుతున్నరు" అంటుంటే విన్నాను. బస్సులో అందరికీ వినబడేలా అన్నాడు.

3 మే

నా ప్లాను వేరే కాగితం మీద రాసుకున్నాను. కస్టమర్లకి అయిదు రోజులు, నాకు నాలుగే. జూన్‌లో అక్కడ ఫుట్‌బాల్ పోటీలు, గదులు మండిపోతాయి. కాబట్టి జులై. మొదటి రోజు ట్రామ్. దిగకుండా రెండు చుట్లు. ఎవరూ ఏమీ అనరట, టికెట్టు ఉంటే చాలు.

రెండో రోజు పదకొండింటికి షోన్‌బ్రున్ మహలు తోట. గేటు దాటి కుడివైపు నడిస్తే తాగే నీళ్ళ కుళాయి. అక్కడ కూర్చుని రొట్టె తినడం.

మూడో రోజు సాయంత్రం ఒపేరా, నిలబడి. మనకి కంఠం తప్ప మాట అర్థం కాదు. పర్లేదు. కట్టుకునే చున్నీ ఒకటి తీసుకుపోవాలి, వరసలో మన చోటు గుర్తుకి రెయిలింగుకి కడతారట.

16 మే, శుక్రవారం

బాపు స్వెటర్ తెచ్చాడు. క్యాంపులో ఎవరో నేపాలీ ఇంటికి పోతూ అమ్ముకున్నాడట. ముదురు నీలం, మెడ దాకా. బయట నిప్పుల వాన. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, "ఏసుకొని జూపియ్" అన్నాడు. మెస్‌లో అందరూ చూస్తుండగా వేసుకున్నాను. మెస్ ఆయన, "ఏమ్మా, జ్వరమా?" అన్నాడు.

"మా బిడ్డ సలి దేశం పోతున్నది" అన్నాడు బాపు. ఆయనకి కావలసింది ఆ ప్రశ్నే.

25 మే

ఫారం నింపాను. 'వృత్తి' అన్నచోట 'ట్రావెల్ కన్సల్టెంట్' అని రాశాను. నా అక్షరాలు బాగుంటాయి.

సాబ్ ఫారం చూసి నా ఐడీ కార్డు అడిగారు. పర్సులో రెండేళ్ళుగా అది బోర్లానే ఉంటుంది. తీసి ఇచ్చాను. ఫారం పక్కన పెట్టారు. రెండింటినీ నా వైపు తిప్పారు.

అరబీ నాకు రాదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. కార్డు మీద ఆ ఒక్క మాటా మొదటి వారంలోనే చదివాను. ఇంటి పనిమనిషి.

రెండేళ్ళ కింద ఆఫీసుకి ఆడవాళ్ళ వీసాలు దొరకలేదు. అల్ తుమామా వాళ్ళింట్లో ఒక పనిమనిషి వీసా ఖాళీగా ఉంది. కాగితానికే కదా అన్నారు సాబ్. నేనూ కాగితానికే కదా అన్నాను. బి.కాం. సర్టిఫికెట్టు పెట్టెలో పెట్టుకుని వచ్చాను. ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి రక్తపరీక్షకి ముందు, ఒకసారి వేలిముద్రలకి ముందు. రెండుసార్లూ వంటింటి తలుపు నుంచే.

"ఈ కార్డు పెట్టి వియన్నా జూడపోతా అంటే వీసా ఎవరిస్తరు బేటీ? ఉల్టా అడుగుతరు, ఇంట్ల ఉండాల్సినదానివి ఆఫీసుల ఏం జేస్తున్నవని. అప్పుడు నువ్వూ పోతవు, నేనూ పోత."

"మార్పించలేమా సాబ్?"

"చూద్దాం." ఫారం మడిచి నా చేతికిచ్చారు. చింపలేదు. అది వారి మర్యాద.

8 జూన్

సీటు ఫసీయుద్దీన్‌కి ఇచ్చారు. సాబ్ బావమరిది. పక్క బల్ల మీద టికెట్లు కొడతాడు, పది కొడితే రెండింట్లో పేరు తప్పు. ప్లాను నేనే ఇవ్వాలి.

"సాయా జీ, ఇదేంది? కుళాయి నీళ్ళు తాగాల్నా? వియన్నా పోయి కుళాయి నీళ్ళా?"

"మంచి నీళ్ళు. కొండల నుంచి వస్తాయి."

"ఒపేరాల నిలబడాల్నా? నేను ఇక్కడ నిలబడితెనే కాళ్ళు గుంజుతయి." అని కాగితం చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

19 జూన్

అల్ తుమామా మేడం, కఫీల్ భార్య, సాబ్‌కి ఫోన్ చేశారట. ఎండాకాలమంతా ఆస్ట్రియాలో ఉంటారు వాళ్ళు. ఈసారి ఆరు వారాలు. సగం కొండల్లో, సగం వియన్నాలో. వాళ్ళ ఇండోనేషియా పనమ్మాయి తల్లికి బాగాలేక వెళ్ళిపోయింది. ఇప్పటికిప్పుడు కొత్త మనిషికి కాగితాలు కావు. కాగితాల్లో ఇంకొకతె ఉంది కదా, ఆమెని పంపు అన్నారు.

కాగితాల్లో ఇంకొకతె నేను.

సాబ్ నా మొహం చూడకుండా చెప్పారు. ట్రావెల్స్ లైసెన్సు కూడా ఆ ఇంటాయన పేరు మీదే. ఆయన సంతకం లేనిదే షట్టర్ తెరవలేం. నాకది తెలుసు, ఆ సంతకాల ఫైలు నా దగ్గరే ఉంటుంది.

గౌహర్ అమ్మి, సాబ్ భార్య, నా చేతిలో చాయ్ పెట్టింది. "పిల్లలు ఇద్దరేనమ్మా. చిన్నోళ్ళు. ఎత్తుకునుడు, తినిపిచ్చుడు, గంతే. నువ్వు ఆ ఊరికోసం పడి చచ్చినవు గదా. నసీబ్ జూడు, ఎట్ల నడిచొచ్చిందో. టికెట్టు ఫ్రీ, తిండి ఫ్రీ."

"నేను వద్దంటే?" అన్నాను.

సాబ్ చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. "అంటే అనొచ్చు. పాస్‌పోర్టు ఇచ్చేస్త. హైదరాబాద్ టికెట్టు నేనే కొనిస్త." కళ్ళజోడు పెట్టుకుని, "వన్ వే" అన్నారు.

20 జూన్

ఆలోచిస్తే ఇది మంచి అవకాశమే.

పిల్లలు మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటారట. ట్రామ్ చుట్టు తిరిగి రావడానికి అరగంట చాలు. ఒపేరా కష్టం. తోటకి పిల్లల్ని తీసుకునే వెళ్ళొచ్చు, పిల్లలకీ మంచిది. నాలుగు రోజుల ప్లాను ముక్కలు చేసి మూడు వారాల మీద పరిచాను. చూస్తే ముందుదాని కంటే నిదానంగా, హాయిగా ఉంది.

24 జూన్

ఫసీ వచ్చాడు. వియన్నా ఎలా ఉందని అడిగాను. "ఏసీ తక్కువ" అన్నాడు.

మంచి అవకాశమే.

1 జులై

వీసా వచ్చింది. మూడు రోజుల్లో. ఎవరూ ఏమీ అడగలేదు. ఫారంలో వృత్తి అన్నచోట ఈసారి సాబే రాశారు, కార్డులో ఉన్నట్టు. కార్డు, ఫారం ఒకటే మాట చెప్తే ఎంత తొందరగా పనవుతుందో.

మేడం మంచిదేనట. మంచి అవకాశమే.

4 జులై, శుక్రవారం

బాపుకి చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను. మెస్‌లో ఎదురుగా కూర్చున్నాక చెప్పేశాను. కార్డు కూడా చూపించాను. మొదటిసారి.

కార్డుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. చదవలేడని తెలుసు, ఫోటో చూస్తున్నాడు. తర్వాత తన పర్సు తీసి తన కార్డు పక్కన పెట్టాడు.

"నాదాంట్ల ఏం రాసున్నదో ఎర్కేనా?"

ఆఫీసులో వీసా కాగితాల మీద చూసిన అరబీ మాటే, కూడబలుక్కుని చదివాను. గొర్రెల కాపరి.

"పందొమ్మిదేండ్ల సంది గొర్లకాపరిని. ఒక్క గొర్రెను జూడలే, ఈద్ నాడు పళ్ళెంల తప్ప."

నవ్వాను. బాపు కూడా నవ్వాడు. మెస్ ఆయన ఏంటని చూశాడు. నవ్వు అయిపోయాక బాపు రెండు కార్డుల్నీ బల్ల మీద అలాగే ఉంచి చూస్తూ కూర్చున్నాడు.

"నన్ను గూడ పిలుస్తరా బిడ్డా, ఒకనాడు? వచ్చి గొర్లు గాయమని."

"పిలువరు బాపు. నువ్వు ముసలోనివైనవ్."

"ఆ. గదొకటి మంచిగైంది."

చెయ్యి కడుక్కుని వచ్చి, "క్యాంపుల అందరికి జెప్పిన, ఆఫీసోళ్ళు పంపుతున్నరని" అన్నాడు.

"ఆఫీసోళ్ళే పంపుతున్నరు గద బాపు."

"ఆ. అవద్ధమేం గాదు."

బస్సు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఫోటో దిగు. స్వెటర్ ఏసుకొని దిగు. పోశన్నకు జూపియ్యాలె."

9 జులై

రేపు ప్రయాణం. ఈ పుస్తకం తీసుకుపోవడం లేదు. అక్కడ ఉండే గదికి తాళం ఉంటుందో ఉండదో. బట్టలు మేడం ఇచ్చారు, మూడు జతలు, లేత గులాబీ, తెల్ల కాలరు. స్వెటర్ అడుగున పెట్టాను. ప్లాను దాని లోపల.

24 ఆగస్టు

వచ్చాను.

25 ఆగస్టు

నీళ్ళు బాగున్నాయి. నేను రాసినట్టే చల్లగా, ఏ వాసనా లేకుండా.

27 ఆగస్టు

ఇవాళ రాస్తాను.

మేడం కొట్టలేదు, తిట్టలేదు, పస్తు పెట్టలేదు. ఇది ముందే రాసుకోవాలి. రేపు నేనే పెంచి చెప్పుకుంటానేమో.

వియన్నాలో ఉన్నది నాలుగో అంతస్తు. పిల్లల గది కిటికీ కింద నుంచే ట్రామ్ పోతుంది. నేను ఎక్కాలనుకున్నదే. ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ బొమ్మ ఉన్న మహలు వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అది మలుపు తిరిగేటప్పుడు ఒక మూలుగు మూలుగుతుంది. అది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లలు మధ్యాహ్నం పడుకునే మాట నిజమే. వాళ్ళు పడుకున్నప్పుడు నేను గదిలో ఉండాలి, తలుపు లోపలి నుంచి వేసుకుని. పాస్‌పోర్టు మేడం చేతి సంచిలో.

ఒక్కసారి అడిగాను. రెండు గంటలు బయటికి వెళ్ళొస్తానని.

మేడం నిజంగానే ఆశ్చర్యపోయింది. "వై? వాట్ యూ నీడ్? టెల్ మీ, ఐ బ్రింగ్."

సబ్బు అన్నాను. సాయంత్రం రెండు సబ్బులు తెచ్చిపెట్టింది. మంచివి.

చివరి వారం, బుధవారం, షోన్‌బ్రున్ తోటకి వెళ్ళాం. మేడం, ఆమె చెల్లెళ్ళు లోపల మహలు చూడ్డానికి పోయారు. నేను తోటలో చిన్నదాన్ని తోపుడు బండిలో, పెద్దవాణ్ణి చేత్తో. పదకొండు అవుతోంది. నా కాగితం ప్రకారం రెండో రోజు పదకొండింటికి అక్కడే ఉండాలి. ఆ మాటే అనుకుంటూ నడుస్తున్నాను. నేనొక్కదాన్నే కాదు, ఆ కాగితం తీసుకున్న వాళ్ళెవరైనా ఆ వేళకి అక్కడే ఉంటారన్నది నాకు తట్టలేదు.

గేటు లోపల ఒక జంట. ఇద్దరి మధ్యలో నాలుగు పేజీలు. మూలన మా ట్రావెల్స్ గుర్తు దూరం నుంచే కనబడింది. నేనెప్పుడూ చూసిన మొహాలు కావు, ఫసీ దగ్గర టికెట్టు కొన్నవాళ్ళయి ఉంటారు.

"కుడివైపే అని రాసుందే. కుడివైపుకి రెండుసార్లు తిరిగొచ్చాం" అంటున్నాడు ఆయన.

"నీకు కుడెడమలు తెలిసేడిస్తే కదా. ఇది రాసినావిడ రెండుసార్లు వచ్చిందట ఇక్కడికి. తప్పు రాస్తుందా?"

"వచ్చిందో, కూర్చుని రాసిందో. దాహమేసి చస్తున్నాను, నీళ్ళు కొనుక్కుందాం పద."

"కొనడానికైతే ఈ కాగితం ఎందుకు?"

ఆవిడ నన్ను చూసింది. నన్ను కాదు, గులాబీ బట్టలు, తెల్ల కాలరు చూసింది. "ఆమెనడుగు, ఇక్కడ పనిచేసే మనిషిలాగుంది."

"ఏ భాషో ఏంటో."

"సైగ చెయ్యి."

ఆయన నా ముందుకొచ్చి బొటనవేలు పెదవుల దగ్గర పెట్టి తల వెనక్కి వంచాడు. "వాటర్? ఫ్రీ వాటర్?"

కుళాయి ఎడమవైపు ఉంది. కొమ్మల చాటున. అయిదు నిమిషాల కిందే పిల్లాడికి పట్టించి నేనూ తాగాను. రెండేళ్ళుగా కుడి అని రాస్తున్నాను. వేలెత్తి చూపించాను.

"థాంక్యూ" అన్నాడు. ఆవిడ కెమెరా ఇచ్చి ఫోటో తీయమని సైగ చేసింది. తీశాను. వెనక మహలు మొత్తం వచ్చేలా, నా ప్లానులో నేను నిలబడాలనుకున్న చోట వాళ్ళని నిలబెట్టి. ఒక్క మాట తెలుగులో అంటే చాలు. 'ఎడమవైపండి, తప్పు నాదే.' నోరు తెరిచాను కూడా. పిల్లాడు చెయ్యి గుంజాడు. గుంజకపోయినా అనేదాన్ని కాదేమో.

వాళ్ళు కుళాయి వైపు వెళ్తుంటే ఆవిడ అనడం వినబడింది. "పాపం, ఏ దేశం పిల్లో. చదువూ సంధ్యా ఉంటే ఇంత దూరం వచ్చి ఈ పనేంటి."

29 ఆగస్టు, శుక్రవారం

బాపు ఫోటో అడిగాడు. ఫోన్ పాడైందన్నాను.

"స్వెటర్ పనికొచ్చిందా?"

"వచ్చింది బాపు. మస్తు సలి."

జులైలో అక్కడ చలి లేదు. స్వెటర్ మడత విప్పలేదు. ప్లాను దాని లోపలే ఉంది. విమానాశ్రయంలో మేడం కొనిచ్చిన చాక్లెట్లు ఇచ్చాను. బస్సులో అందరికీ పంచుతూ, "తెల్లోళ్ళ ఊరివి" అంటున్నాడు. పోశన్న మామ ఒకటి నోట్లో వేసుకుని, "లింబన్నా, నీ బిడ్డ ఇగ మనతోని మాట్లాడతదా?" అన్నాడు.

బస్సు కదిలే ముందు బాపు దిగొచ్చి నా చేతులు తిప్పి చూశాడు. అరచేతులు.

3 సెప్టెంబర్

ఉపవాసాల నెల మొదలైంది. ఆఫీసు సగం పూటే. కస్టమర్లు లేరు. పన్నెండింటికి ముజఫ్ఫర్ అలీ గారని ఒకాయన వచ్చారు, మెట్‌పల్లి ఆయన, బ్యాంకులో పని. ఈద్ తర్వాత భార్యతో వియన్నా వెళ్ళాలట, ఖర్చు తక్కువలో.

సాబ్ కుర్చీలోంచే అన్నారు. "సరైన చోటికే వచ్చిన్రు. మా సాయా మేడం రెండుసార్లు పోయొచ్చింది. మొన్న ఇంకోసారి. మొత్తం మూడుసార్లు."

అలీ గారు కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకున్నారు. "అట్లనా మేడం? మూడుసార్లా?"

ఏప్రిల్‌లో ఇదే ప్రశ్నకి అబద్ధం చెప్పాను. అప్పటి నుంచి దాన్ని నిజం చేద్దామనే కదా ఇదంతా. ఇప్పుడు అవునంటే అబద్ధం కాదు. పాస్‌పోర్టులో ముద్ర ఉంది, తేదీతో సహా.

"లేదు సర్" అన్నాను. "నేను వియన్నా వెళ్ళలేదు."

సాబ్ తల ఎత్తారు. ఫసీ కీబోర్డు ఆపాడు.

"మరి ఈ ప్లాన్లు, ట్రామ్‌లు, ఇవన్నీ ఎట్ల తెల్సు?"

"చదివి."

"చదివి" అని ఆయన కూడా అన్నారు, మర్యాదగా, కాస్త ఇబ్బందిగా. గది చుట్టూ చూశారు. "తప్పుగా అనుకోకండి మేడం. ఇంటామెను తీస్కొని పోతున్న. పోయొచ్చినోళ్ళు ఎవరన్న ఉన్నరా ఇక్కడ?"

ఫసీ చెయ్యి ఎత్తాడు.

అలీ గారు కుర్చీని అటు జరుపుకున్నారు. ఫసీ సొరుగు లాగి నా నాలుగు పేజీలు తీసి ఆయన ముందు పరిచాడు. వేలు పెట్టి చదివి వినిపిస్తున్నాడు. రెండో రోజు దగ్గరికొచ్చాడు. "పదకొండు గంటలకు తోట. గేటు దాటినంక కుడివైపు కుళాయి ఉంటది సాబ్. మంచి నీళ్ళు. నేను తాగిన."

ఎడమవైపు.

దిద్దలేదు.